ఒకరోజు ముందు దిగిన మనిషి

మొదటి రోజు. విజయనగరం నుంచి సబ్బవరం.

రోడ్డు అనుమతి ఇచ్చేటప్పుడు రోజుకొక పేజీ రాయాలని షరతు పెట్టారు. అందుకే రాస్తున్నాను. నా పేరు పిన్నింటి అలివేలు. వయసు నలభై తొమ్మిది. రోడ్ల మీద కట్టే నీడగుడ్డలు కుట్టడం నా పని. రేపల్లెలో కొత్తగా పెట్టిన కార్ఖానాలో పిల్లలకు కుట్టు నేర్పే ఉద్యోగం వచ్చింది. తొమ్మిదో రోజు సాయంత్రంలోగా అక్కడికి వెళ్లి సంతకం పెట్టాలి. పెట్టకపోతే జాబితాలో నా తర్వాత ఉన్న మనిషికి ఇచ్చేస్తారు.

తెల్లవారుజామున నాలుగింటికి సైకిలు మీద బయల్దేరాను. కొత్తవలస దాటాక ఒకచోట నీడగుడ్డ చిరిగి వేలాడుతోంది. ఒంటికుట్టు వేశారు. గాలికి ఆగదు. దిగి సరిచేసేంత వ్యవధి లేదు. పది గంటలకు సైరన్ మోగితే రోడ్డు మూసేస్తారు. ఆ తర్వాత ఎండలో దొరికితే అనుమతి రద్దు చేస్తారు. అంతకంటే ముందు ప్రాణం పోయినా పోతుంది.

సబ్బవరంలో దిగడానికి మూడు రకాల చోట్లు ఉన్నాయి. ఒకటి చల్లగదుల లాడ్జి. దాని ఒక్కరోజు అద్దె నాకు వారం కూలి. రెండోది ఎవరి ఇంటి వసారానో. డబ్బు అడగరు కానీ ఇంటివాళ్ల మనసు బాగుండాలి, పైగా మధ్యాహ్నం అక్కడి గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంటుంది. మూడోది రోడ్ల బోర్డు నడిపే మజిలీ. ఇనప మంచం, తడిపిన వట్టివేళ్ల తెర, కుండ నీళ్లు, పొద్దున గంజి. కుటుంబ కార్డు మీద ఆరు నెలలకు పది రాత్రులు ఉచితం. నాకు ఎనిమిది చాలు. ఆ లెక్క చూసుకునే సైకిలెక్కాను.

కార్డంటే కాగితమేమీ లేదు. గుమ్మం పక్కన గాజు పలక ఉంటుంది. దాని మీద కుడి అరచెయ్యి ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఆనించాను. తెరుచుకుంది. పలక మీద 'మిగిలిన రాత్రులు: ఎనిమిది' అని కనిపించింది.

"పది ఉండాలి కదండీ?" అని మజిలీ చూసే సన్నిబాబును అడిగాను.

ఆయన పలకలోకి తొంగి చూశాడు. "మీ ఆయన రెండు వాడీసినారు గదమ్మా. నిన్న ఇక్కడే దిగినారు. ఇయ్యాల పొద్దున్న నక్కపల్లిలో దిగినట్టు సూపిస్తంది."

"ఎవరు?"

"పిన్నింటి తవిటినాయుడు. మీ ఆయనే గదా?"

"మా ఆయన పోయి రెండేళ్లయింది బాబూ."

సన్నిబాబు నా వంక జాలిగా చూశాడు. ఎండ తగిలిందనుకున్నాడేమో, లోపలికి వెళ్లి కుండలోంచి నీళ్లు ముంచి తెచ్చాడు. "పోయినోలు పలక మీద సెయ్యెలా ఎడతారమ్మా? ముందు ఈ నీల్లు తాగండి," అన్నాడు.

తాగాను. నా రాత్రి కూడా పడింది, ఇప్పుడు ఏడు. యంత్రం తప్పు చూపిస్తోందనుకుని మంచమెక్కాను.


రెండో రోజు. నక్కపల్లి.

చెయ్యి ఆనించగానే పలక మీద ఆరు కనిపించాయి. నా రాత్రి పడ్డాక అయిదు. ఈరోజు పొద్దున కత్తిపూడిలో కూడా తవిటినాయుడు దిగాడట. అంటే నాకంటే సరిగ్గా ఒక మజిలీ ముందున్నాడు.

ఇక్కడ మజిలీ చూసేది నూకరత్నం అనే ఆవిడ. నిన్న ఆ పేరుతో దిగిన మనిషి ఎలా ఉన్నాడని అడిగాను.

"పొట్టిగా, నల్లగా ఉన్నాడు. నడినెత్తి మీద జుత్తు లేదు," అంది. "ఇంత ఎండలో పొడుగు సేతుల సొక్కా ఏటో మరి. కుడిసేతికి తొడుగు. ఆ సెయ్యి దిండు మీద ఎట్టుకుని తొంగున్నాడమ్మా, పసిబిడ్డని పక్కనేసుకున్నట్టు."

మా ఆయన ఆరడుగులకు అంగుళం తక్కువ. జుత్తు దువ్వెనకు లొంగేది కాదు. కాబట్టి ఇతను మా ఆయన కాదు. అంతవరకు మనసు కుదుటపడింది. కానీ ఈ పలక వేలిగీతలు మాత్రమే చూడదు. చర్మం వెచ్చదనం చూస్తుంది, నాడి చూస్తుంది. రబ్బరు చెయ్యి చేయించి పెట్టినా, ఫొటో తీసి పెట్టినా తలుపు కదలదు. ఈ సంగతి రోడ్డు మీద తిరిగే వాళ్లందరికీ తెలుసు.

పూసపాటిరేగ దగ్గర నీడగుడ్డ కడుతూ ఉంటే స్తంభం విరిగి మా ఆయన మీద పడింది. తలకు దెబ్బ. ఆసుపత్రిలో రెండు రోజులు యంత్రంతో ఊపిరి ఆడించారు. మెదడు పనిచేయడం లేదని చెప్పారు. నా కళ్లముందే చితి మీదికి వెళ్లాడు. ముఖం చూశాను. అది ఆయన ముఖమే.

ఈ పేజీలో ఇవన్నీ రాయవచ్చో లేదో తెలియదు. రాసేశాను.


మూడో రోజు. కత్తిపూడి.

చేరేసరికి నాలుగు, ఇప్పుడు మూడు. అతను రాజానగరంలో ఉన్నాడు.

ఇక్కడి మనిషి వేణుగోపాలం చాలా మర్యాదస్తుడు. మజ్జిగ ఇచ్చి, నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "తవిటినాయుడు గారి తాలూకా అండీ మీరు? నిన్న చిత్రం జరిగిందండి. 'నాయుడుగారూ, మీ మంచం ఇటండీ' అని పిలిచానండి. ఉలిక్కిపడ్డారండి. ఏ పేరన్నారు అని అడిగారండి. పలకలో ఉన్నది చదివి చెప్పానండి. ఇంకోసారి చెప్పమన్నారండి. మళ్లీ చెప్పాను."

"తన పేరు తనకు తెలియదా?"

"అదే నాకూ అర్థం కాలేదండి."

చేతికి తొడుగు తియ్యలేదా అని అడిగాను. అన్నం తినేటప్పుడు తీశాడట.

"బొటనవేలి మొదట్లో మచ్చుందండి. కాలిన మచ్చ. చింతగింజంత ఉంటుందండి."

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

నైలాను గుడ్డ అంచులు పీచు లేవకుండా ఇనప చువ్వ కాల్చి అదుముతారు. పెళ్లయిన కొత్తలో నేను గుడ్డ పట్టుకుంటే ఆయన చువ్వ అదిమేవాడు. నేను ఏదో చెప్పి నవ్వించాను. చువ్వ జారింది. ఆ మచ్చ నా వల్ల పడింది. దాన్ని పొరపడే అవకాశం నాకు లేదు.

ముఖం వేరు, ఎత్తు వేరు, మచ్చ మాత్రం అదే. తన పేరు తానే ఇంకోసారి చెప్పించుకున్న మనిషి. తలకు దెబ్బ తగిలినవాళ్లు పేరు మరచిపోతారని విన్నాను. మరి చితి మీద నేను చూసినదేమిటి? మనిషి పొట్టివాడు ఎలా అవుతాడు? మధ్యాహ్నమంతా తెర వైపు తిరిగి పడుకుని ఇదే ఆలోచించాను. వట్టివేళ్ల మీద నీళ్లు చల్లడానికి వచ్చినవాళ్లు నన్ను రెండుసార్లు పలకరించారట. నాకు వినిపించలేదు.


నాలుగో రోజు. రాజానగరం.

అతన్ని అందుకోవాలని మూడున్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. నాలుగు వరకు తీయనన్నారు. తీశాక తొక్కిన తొక్కుడుకు దివిలి దగ్గర వెనక చక్రం గాలి పోయింది. అతుకు వేసుకుని చేరేసరికి తొమ్మిదీ యాభై. పలక మీద రెండు. నా రాత్రి పడ్డాక ఒకటి.

రాత్రులు మిగుల్చుకోవడానికి ఈరోజు ఎవరి వసారాలోనైనా ఉందామా అనుకున్నాను. నేను మిగిల్చినది అతను వాడేస్తాడు కదా అనిపించింది. వాడేది మా ఆయనే అయితే వాడుకోనీ అనిపించింది. ఈ రెండు ఆలోచనల మధ్య గుమ్మంలోనే నిలబడిపోతే వెనక ఉన్నవాళ్లు కసురుకున్నారు.

ఇక్కడ వార్త పంపే ఏర్పాటు ఉంది. తణుకు మజిలీకి కబురు పెట్టించాను. 'తవిటినాయుడి పేరుతో దిగిన మనిషికి చెప్పండి. అలివేలు వెనకాలే వస్తోంది. రేపు తొమ్మిదిన్నర వరకు ఆగమనండి.'

గంటకు జవాబు వచ్చింది. 'చెప్పాం. విన్నారు.'

అంతే ఉంది. ఆగుతాడని లేదు, ఆగడని లేదు. ఆ కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాను.

సంచిలోంచి ఉతికిన చీర తీసి రేపటికి పెట్టుకున్నాను. ఎందుకు తీశానో నన్నడిగితే చెప్పలేను.


అయిదో రోజు. తణుకు.

గోదావరి వంతెన మీద ఎక్కడా ఆగలేదు. తొమ్మిదింబావుకు చేరాను. అతను లేడు. నాలుగింటికి గేటు తీయగానే మొదట వెళ్లినవాడు అతనేనట.

పలక మీద చెయ్యి పెట్టాను. తలుపు తెరుచుకోలేదు. మిగిలిన రాత్రులు సున్నా. ఆఖరిది అతను ఎనిమిది గంటలకు గుండుగొలనులో వాడుకున్నాడు.

అంతవరకు నాలో ఉన్నదేదో ఒక్కసారిగా కోపంగా మారింది. మా ఆయనే అయితే నా పేరు విన్నాక ఆగేవాడు. ఇతను నా పేరు విని పారిపోయాడు. దొంగ. చచ్చినవాడి చెయ్యిని ఏ మాయ చేసి పెట్టుకున్నాడో గానీ దొంగే.

మజిలీ గుమాస్తా రంగనాథ్‌ను ఫిర్యాదు రాసుకోమన్నాను. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి అతనికి. రాస్తూ రాస్తూ ఆగాడు.

"ఆయన చనిపోయి రెండేళ్లయిందంటున్నారు కదండీ. మరి మీ కార్డులో ఇంకా ఇద్దరు ఎందుకున్నారండీ?"

ఇది రాయకుండా దాటేయవచ్చు. కానీ ఫిర్యాదులో ఎలాగూ ఉంది. ఒంటరి మనిషికి ఆరు నెలలకు అయిదు రాత్రులే. ఆయన పేరు తీయించడానికి మూడుసార్లు ఆఫీసుకు వెళ్లాను. మొదటిసారి వరుసలో నిలబడి ఏడుపు ఆపుకోలేక వచ్చేశాను. రెండోసారి ఆ గుమాస్తా సెలవు. మూడోసారి రేపల్లె ఉద్యోగం సంగతి తెలిసింది. ఎనిమిది రాత్రులు కావాలి. అయిదుతో చాలదు. వరుసలోంచి పక్కకు వచ్చేశాను. ఆయన రాత్రులు నేనూ వాడుకుందామనుకున్నదాన్నే.

"రాయండి బాబూ. ఉన్నదున్నట్టు రాయండి," అన్నాను.

రాశాడు. ఇకమీదట ఆ చెయ్యి ఏ పలక మీద పడ్డా ఆ మనిషిని అక్కడే ఆపేస్తారని చెప్పాడు. నన్ను మాత్రం లోపలికి రానివ్వలేకపోయాడు. మొహమాటపడుతూనే గేటు వరకు వచ్చాడు.

తొమ్మిదీ నలభై అయిదు. మూడిళ్లు తట్టాను. ఒక ఇంట్లో జ్వరం, ఒక ఇంట్లో ఎవరూ పలకలేదు, ఒక ఇంట్లో మగవాళ్లు లేరని తలుపేసేశారు. సైరన్ మొదలయ్యేసరికి బియ్యం మిల్లు గోదాములోకి దూరాను. బస్తాలు మోసే ఆడవాళ్లు నలుగురు భోజనాలకు కూర్చున్నారు. ఎవరని అడగలేదు. చిరిగిన గోనెసంచులు ఒక మూల కుప్పగా ఉంటే నా దబ్బనం తీసి కుట్టడం మొదలుపెట్టాను. ఒకావిడ తన కూరలో సగం నా గిన్నె మూతలో వేసింది. వాళ్లు పనికి లేచాక ఆ సంచుల మీదే పడుకున్నాను.


ఆరో రోజు. గుండుగొలను.

ఇక్కడి మజిలీకి వెళ్లి లాభం లేదు. లాడ్జి బయట అద్దె బోర్డు చదివి ముందుకొచ్చేశాను. రోడ్డుకు కాస్త లోపలగా ఒక ఇంటి ముందు నీడగుడ్డ కుంగి కనబడింది. సరిచేస్తాను, వసారాలో ఉండనివ్వండి అన్నాను. సరేనన్నారు. రెండు మూలలు విప్పి జంటకుట్టు వేసి లాగి కట్టాను. మంచి చోటు దొరికింది.

ఆ ఇంట్లో ఫోను ఉంది. మా మరిది రామినాయుడికి చేశాను. ఆసుపత్రి కాగితాలన్నీ అప్పుడు అతనే చూశాడు.

"మరిదీ, మీ అన్నయ్య సేతులేటయ్యాయి?"

లైను పోయిందనుకున్నాను.

"వదినా, నువ్వే గదా అన్నావు. పనికొచ్చీవన్నీ ఇచ్చీండని."

"కళ్లు అనుకున్నాను. కిడ్నీలు అనుకున్నాను."

"కాయితంలో సానా ఉన్నాయి వదినా. నాను సదవలేదు. సదివే ఓపిక ఆ రోజు ఎవులికుంది? తరవాత తెలిసింది. నీకు సెప్తే ఏటవుతావో అని సెప్పలేదు."

ఆసుపత్రిలోంచి ఆయన్ని తెచ్చినప్పుడు చేతులు రెండూ మోచేతి వరకు తెల్లగుడ్డతో చుట్టి ఉన్నాయి. పట్టుకోబోతే నర్సు నా చెయ్యి మెల్లగా తప్పించింది. కట్లు కదిలిపోతాయమ్మా అంది. పోయిన మనిషికి కట్లు కదిలితే ఏమిటని నేను ఆ రోజు అడగలేదు. ఆ గుడ్డ లోపల ఉన్నది కర్రో, రబ్బరో. చితి మీద పెట్టింది దాన్ని.

మరిది మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆ మాట అన్నది నేనే. ఎవరైనా బతుకుతారని అన్నాను. బతికినవాడి మీద నిన్న నేనే దొంగతనం రాయించాను.

సైరన్ మోగకముందే మజిలీకి పరిగెత్తాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆ మనిషిని ఎక్కడ ఆపారో అక్కడికే స్వయంగా వెళ్లి తీసుకోవాలట. ఈరోజు ఎనిమిదిన్నరకు కైకలూరులో ఆపారు.

ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. రోడ్డు మూసి ఉంది. తెల్లవారుజాము నాలుగు వరకు నేను చేయగలిగిందేమీ లేదు. అతన్ని చూడాలని ఉంది. చూడకుండా ఏ సందులోంచో తప్పుకుని రేపల్లె వెళ్లిపోవాలని కూడా ఉంది.


ఏడో రోజు. కైకలూరు.

ఎనిమిదిన్నరకు చేరాను. మజిలీ చూసే ఆవిడ పేరు సామ్రాజ్యం. యాభై అయిదేళ్లుంటాయి. గొంతు పెద్దది. "వచ్చారా? రండి. నిన్నటి నుంచి మనిషి నోట్లో మెతుకు పెట్టుకోలేదు," అంటూ లోపలి వరండాలోకి తీసుకెళ్లింది.

బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. పొట్టిగా, నల్లగా, నూకరత్నం చెప్పినట్టే. ముప్పై ఎనిమిది, నలభై మధ్య ఉంటాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తొడుగు వేసుకున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. దండం పెట్టబోయి ఆగిపోయాడు.

"నా పేరు ఉప్పాల ఏసుపాదం అండి. మాది నిజాంపట్నం. కరెంటు లైన్‌మన్‌ని. తీగ తగిలి కుడిచెయ్యి పోయింది. రెండేళ్ల కిందట ఇది వేశారు. విశాఖపట్నంలో చూపించుకుని తిరిగి పోతున్నా."

"కూర్చో బాబూ," అన్నాను. ఇద్దరం చెరో చివర కూర్చున్నాం.

మొదటి మజిలీలో పలక మీద చెయ్యి పెడితే తలుపు తీసిందట. పలక కుడిచెయ్యే అడిగింది, పెట్టాడు. ఆసుపత్రివాళ్లు తనలాంటివాళ్ల కోసం ఏర్పాటు చేసి ఉంటారనుకున్నాడు. కత్తిపూడి వరకు అతనికి నిజంగానే తెలియదు.

"ఆడ ఒకాయన నాయుడుగారూ అని పిలిచాడండి. అప్పుడు అర్థమైంది. ఈ చెయ్యి ఎవరిదో చెప్పండని రెండేళ్లుగా ఆసుపత్రిలో అడుగుతున్నా. రూలు లేదంటారు. పేరు చెప్పినా చాలు, ప్రార్థనలో తలుచుకుంటానన్నా. చెప్పలేదు. ఆ రోజు పేరు చెవినపడింది." తల దించుకున్నాడు. "అప్పుడే ఆగి చెప్పాల్సిందండి. తప్పు నాది. ఇంకో మజిలీలో కూడా ఆ పేరుతో పిలుస్తారేమోనని మళ్లీ పెట్టా. మీ రాత్రులు ఖర్చయిపోతున్నాయని తెలియదు. తెలిసుంటే పెట్టను."

"తణుకులో నా కబురు అందింది కదా. ఎందుకాగలేదు?"

"భయమేసిందండి."

"నేనేం చేస్తానని?"

"మీరు ఆయన కోసం వస్తారు. వచ్చి చూస్తే నేనుంటాను."

సామ్రాజ్యం పక్కకు తిరిగి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. అవి సర్దే ఉన్నాయి.

చెయ్యి చూపించమన్నాను. తొడుగు తీశాడు. బొటనవేలి మొదట్లో మచ్చ. నా కళ్లు ముందు దాని మీదికే పోయాయి. తర్వాత మణికట్టుకు నాలుగు వేళ్ల పైన చుట్టూ ఉన్న గీత మీదికి. గీతకు అటు రంగు వేరు, ఇటు రంగు వేరు. చిన్న చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా, ఎక్కడా లాగకుండా వేశారు. నా జీవితమంతా కుట్లే చూశాను. ఇంత మంచి పని చూడలేదు.

మా ఆయన గోళ్ల సందుల్లో ఎప్పుడూ గుడ్డల రంగు ఉండేది. ఈ గోళ్లు పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. వేళ్లు సన్నబడ్డాయి. అరచేతిలో నేనెరగని కాయలు కాశాయి, సైకిలు హ్యాండిలువి కాబోలు.

"చల్లనా వేడీ తెలుస్తున్నాయండి. గట్టిగా పట్టుకుంటే చెంబు కూడా ఎత్తుతున్నా. చిటికెనవేలు మాత్రం ఇంకా మాట వినట్లేదు," అన్నాడు.

అడగకుండానే నా రెండు వేళ్లు ఆ అరచేతిలో పెట్టాను. అతను నెమ్మదిగా మూశాడు. గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మా ఆయన ఏది పట్టుకున్నా బిగించి పట్టేవాడు, నా చేతినైనా చువ్వనైనా. ఈ పట్టు నాకు తెలిసినది కాదు. ఎక్కడా తెలిసినది కాదు. అప్పటివరకు ఆపుకున్నది ఆగలేదు. ఏడ్చాను. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నేను తీసుకునేవరకు కదల్చలేదు.

సామ్రాజ్యం కాగితం తెచ్చింది. ఫిర్యాదు రద్దు కావాలంటే దాన్ని నింపాలి. వారసులు సొంత దస్తూరీతో రాయాల్సిన గడి ఒకటి ఉంది. 'వివాదంలో ఉన్న కుడిచెయ్యి ఎవరిది?'

"చూసి రాయండమ్మా," అంది సామ్రాజ్యం. "మీ ఆయనదని రాస్తే ఈయన దాన్ని వాడినందుకు కేసు నడుస్తుంది. ఈయనదని రాస్తే మీ ఆయన పేరు కార్డులోంచి ఈరోజుతో పోతుంది. మీది ఒంటరి కార్డవుతుంది. అయిదులో నాలుగు వాడారు, ఒకటి మిగులుతుంది. మీ ఆయన వంతు అయిదుకి ఈయన ఆరు వాడాడు, ఒకటి ఎక్కువ. మీకు మిగిలిన ఒక్కటీ మీరు వదులుకుంటే ఈయన మీద ఏమీ ఉండదు. వదులుకుంటే మాత్రం ఈ పూట మంచం ఇవ్వలేను నేను."

పెన్ను తీసుకున్నాను. ఆఫీసు వరుసలోంచి రెండుసార్లు తప్పుకున్న పని ఇది. ఇక్కడ వరుస లేదు, వెనకెవరూ లేరు.

ఉప్పాల ఏసుపాదం అని రాశాను. స్పెల్లింగు సరిగా ఉందో లేదో అతన్నే అడిగాను. కింద సంతకం పెట్టాను. మిగిలిన రాత్రి వదులుకుంటున్నానని ఇంకో గీత కింద మరో సంతకం.

సామ్రాజ్యం కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "వంటగది వెనక వరండా ఉందమ్మా. అది మజిలీ లెక్కలోకి రాదు. అక్కడెవరు పడుకున్నా నాకు కనపడదు," అంది. తర్వాత అతని వైపు తిరిగి గట్టిగా అరిచింది. "ఇప్పుడైనా అన్నం తింటావా, లేదా?"

అతను తిన్నాడు. కుడిచేత్తోనే తిన్నాడు. నేను చూడకూడదనుకుంటూనే చూశాను.


ఎనిమిదో రోజు. పెడన.

రాయడానికి ఓపిక లేదు.


తొమ్మిదో రోజు. రేపల్లె.

తొమ్మిదీ పదికి కార్ఖానాలో సంతకం పెట్టాను. ఉద్యోగం వచ్చింది. రేపటి నుంచి పదకొండు మంది పిల్లలకు జంటకుట్టు నేర్పాలి. ఉండడానికి గది ఇచ్చారు. పెనుమూడి వంతెన దిగేదాకా ఏసుపాదం నాతోనే ఉన్నాడు. వంతెన దిగాక అతను నిజాంపట్నం రోడ్డు పట్టాడు. వెళ్తానండి అన్నాడు, వెళ్లిరా బాబూ అన్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఈ పుస్తకం సాయంత్రం ఇచ్చేయాలి. నిన్నటి పేజీ ఖాళీగా ఉండకూడదట. కాబట్టి నిన్నటిది ఇక్కడ రాస్తున్నాను.

నిన్న ఇద్దరం పెడన చేరేసరికి తొమ్మిదింబావు. మజిలీలో ఇద్దరికీ చోటు లేదు. లాడ్జికి ఇద్దరి దగ్గరా చాలదు. ఇళ్లు తట్టడం మొదలుపెట్టాం. నాలుగిళ్ల వాళ్లు కుదరదన్నారు. మేమిద్దరం ఎవరమో వాళ్లకు అంతుపట్టలేదు. ఒకామె నా మెడ చూసింది, తర్వాత అతని ముఖం చూసింది, తలుపు దగ్గరగా వేసింది.

అయిదో ఇల్లు అద్దకం పని చేసేవాళ్లది. వసారా నిండా రంగు కుండలు, ఆరేసిన గుడ్డలు. ఒక ముసలావిడ, పేరు కనకవల్లి, అచ్చు కడుగుతోంది.

"ఒక్క పూట ఉండనిస్తారా అమ్మా?" అని ఏసుపాదం అడిగాడు.

ఆవిడ మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది. "మొగుడూ పెళ్లాలా?"

"కాదండి."

"అక్కాతమ్ముళ్లా?"

అతను నా వంక చూశాడు. కైకలూరు నుంచి నన్ను ఒక్కసారి కూడా ఏ వరసా పెట్టి పిలవలేదు. అక్కా అనలేదు, అమ్మా అనలేదు. పిలవాల్సి వస్తే సైకిలు గంట కొట్టేవాడు.

"ఇంటిపేరేంటి నీది? ఉప్పాల ఏసుపాదమా? ఆవిడది? పిన్నింటా? ఊళ్లు కూడా వేరేగా. మతాలు కూడా వేరే అయ్యుండాలి," అంది కనకవల్లి. చేతులు చీరకు తుడుచుకుంది. "మరి ఒకరికొకరు ఏమవుతారు మీరు? అది చెప్పండి ముందు."

చెప్పడానికి నా దగ్గర పదం లేదు. వెతికాను. మా ఊళ్లో దూరపు చుట్టానికి, చుట్టం చుట్టానికి కూడా వరస ఉంది. దీనికి లేదు. ఏసుపాదం కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని నేల చూస్తున్నాడు. సైరన్ మొదలైంది.

"మా మనిసేనమ్మా," అన్నాను.

కనకవల్లి ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అని రంగు కుండలు పక్కకు జరపడం మొదలుపెట్టింది.